నీళ్లు తాగినవాడు

తాడిపత్రిలో రాత్రి పదిన్నరకు
బండల పాలిష్ మిషన్లు ఆగినాక
నా సెల్లు రిపేరీ అంగడి మెట్ల మీద
ఇంకో లోకం మొదలైతాది.

ఐదు ఫోన్లు, ఒకటే చార్జరు.
పక్క టైలరంగడి వన్నూరుబీ రెక్కల జాతి.
దస్తగిరి నీటి జాతి.
సోమశేఖర మొన్ననే నక్కల్లోంచి దేవతల్లోకి మారినాడు,
రెండొందల తొంభై తొమ్మిది కట్టి.
నాది ఎలుగు. మొదటిరోజు వేలికి ఏది తగిలిందో అది.

కుళ్లాయప్పకు మాత్రం జాతి లేదు.
సోమశేఖర వదిలేసిన నక్కలోనే ఉంటాడు,
బాడుగింట్లో ఉన్నట్టు.

"రాతిజనం కావాల నాకు" అంటాడు.
బూడిదరంగు ఒళ్లు, చేతిలో సమ్మెట,
పడమటి గనుల్లో గుంపులు గుంపులు.
ఒక్కోణ్ణి కొడితే ఐదు నాణేలు.
"వాళ్లు చంపేదానికి రా, ఆడేదానికి కాదు."
"ఎవురు చెప్పినారు?"
దస్తగిరికి కతంతా నోటికి వచ్చు.
"మొదటి యుగం, మూడో పత్రం:
రాతిజనానికి నీడ లేదు, కాబట్టి ప్రాణం లేదు."
"రాసినోడు యా జాతోడు?"
దస్తగిరి పత్రం తెరిచి, కిందికి జరిపి జరిపి చూసినాడు.
దేవతల జాతి.
సోమశేఖర గొంతు సవరించుకున్నాడు.

ఆ రేసు అనేదాన్ని తెలుగులో ఏమంటారని
టీ తెచ్చే పిల్లోడు అడిగినాడొకసారి.
జాతి అన్నాము.
"జాతంటే కులమా అన్నా?"
ఐదుగురం ఫోన్లలోకి వంగి
చార్జింగు ఎంతుందో చూసుకున్నాం.

ఒకరోజు కుళ్లాయప్ప రెండు షిఫ్టులు చేసొచ్చినాడు.
కనుబొమల మీద, చెవి మడతల్లో
బండపొడి ఎండి అట్టగట్టి ఉంది.
గనిలోకి దిగినాడు,
కత్తి దూయకముందే
కూర్చున్నోడు కూర్చున్నట్టే నిద్రపోయినాడు.
ఫోను చేతిలోంచి జారలేదు.
వాని నక్క అట్లే నిలబడింది రాతివాని ముందర.

ఒక నిమిషం. రెండు.
రాతివాడు ఎత్తిన సమ్మెట దించినాడు,
గోడకు ఆనించినాడు.
నడుముకున్న తోలుసంచి విప్పి
తల వెనక్కి వంచి నీళ్లు తాగినాడు.
ముంజేత్తో మూతి తుడుచుకున్నాడు.

ఐదేండ్లుగా ఆడతాండాము.
ఎవురమూ ఆడ అంతసేపు ఊరకే నిలబడలేదు.

"అది ప్రోగ్రాములో దొర్లిన తప్పు" దస్తగిరి.
"తప్పయితే మూతెందుకు తుడుచుకుంటాడు?" వన్నూరుబీ.
"బొమ్మ కదా, ఏదో ఒక కదలిక పెట్టింటారు లే."
"ఐదేండ్లాయ, నీ నీటిజాతికి ఒక్క దప్పికన్నా పెట్టినారా?"
ఒకటిన్నర దాకా సాగింది.
సోమశేఖర అటన్నాడు, ఇటన్నాడు,
పెన్న ఇసకలో నడిచినట్టు యాడా కాలు నిలవలేదు.
అంత గొడవలోనూ
కుళ్లాయప్పను మాత్రం ఎవురూ లేపలేదు.

పొద్దున చెప్తే, నవ్వుతాడనుకున్నాను.
"యా చేత్తో తాగినాడు?" అన్నాడు.
"ఎడమ."
"ఊఁ. కుడిది తిమ్మిరెక్కింటాది."

శ్రావణంలో ఆట కొత్తగా మారింది.
ఇంకో రెండు జాతులు చేర్చినారు:
పిల్లులు, చంద్రుని బిడ్డలు.
గని అదే. జనం వాళ్లే.
ఐదుగురం కత్తులు దించి నిలబడినాము.
పది నిమిషాలు. పదహైదు.
రాతివాడు సమ్మెట ఎత్తినాడు,
కొట్టినాడు, మళ్లా కొట్టినాడు,
కొడతానే ఉండాడు.
నడుముకు సంచి లేదు.

మొదట దస్తగిరి చచ్చినాడు.
నేను చెప్పలేదా అనే మాట
వాని నోట్లోంచి రాలేదు.
వన్నూరుబీ లేచి పోయి మిషను మీద కూర్చుంది.
కుళ్లాయప్ప కొళాయి కింద తల పెట్టినాడు,
ఎంతసేపటికీ తీయలేదు.

షట్టరు దించే ముందు నా పేజీ తెరిచినాను.
ఎలుగు. అరవై రెండో మెట్టు.
చంపిన రాతిజనం: నాలుగువేల నూట పన్నెండు.
ఆ అంకె మీద వేలు పెట్టి నొక్కినాను.
ఏమీ తెరుచుకోలేదు.