ఇసుక మీద ఈల

సముద్రం మన దాకా రాదు గదా,
అందుకని ఏటూరునాగారం కాడ గోదారిల తోడి
పదహారు లారీల ఇసుక
గుండ్లమడుగు చెరువు ఒడ్డున పోసిన్రు.
బీచ్ అని బోర్డు పాతిన్రు.
పోయిన దసరాకు దాని పక్కన ఇంకోటి:
పొగ తాగరాదు, జరిమానా రెండు వందలు.
ఆ రెండో బోర్డు కింద నిలబడేటోన్ని నేను,
ఈసం కొంరయ్యను.
ఈల ఒకటి, రసీదు బుక్కు ఒకటి,
జీతం తొమ్మిది వేలు, అదిగూడ రెండు నెల్లకోపారి.

ఈల గురించి ఒక మాట చెప్పాలె.
పెదవుల నడుమ పెట్టుకొని పొద్దంత తిరుగుతుంటే
దూరంకెళ్లి చూసెటోళ్లకు
నేనే తాగుతున్నట్టు కొడ్తది.
ఒక పోరడు ఫోటో తీసి నాకే చూపెట్టిండు.

మొదటి నెల జనం పల్చవడ్డది.
హన్మకొండకెళ్లి బండ్ల మీద వచ్చెటోళ్లు
మొకం చూపియ్యలే.
పడవల రవూఫ్ మాపటికి టికెట్లు లెక్కవెట్టి
నా దిక్కు చూసేది, తిట్టకుండ.
తిడితె బాగుండు అనిపిచ్చేది.
చాయ్ కొట్టు ఎల్లుబాయి
సిగరెట్ డబ్బాలు తీసేసిన గూట్లె
పల్లిపట్టీలు పెట్టింది. చీమలు పట్టినై.

మేడారం జాతర దాటినంక
పిల్లలను ఎత్తుకొని వచ్చుడు షురువైంది.
పరకాల బాలింత ఒకామె
పసిగుడ్డును ఇసుకల పండవెట్టి
తాను గూడ కన్నంటుకున్నది.
రవూఫ్ అప్పు జేసి ఇంకో పడవ కొన్నడు.
ఎల్లుబాయి మాత్రం ఇంకా కోలుకోలే.

ఎవ్వరికీ చెప్పని ముచ్చట ఒకటున్నది.
ఈ ఇసుక కింద కల్లం ఉన్నది.
ఎండకాలం, కోడి కుయ్యకముందే అడివికి పోయి
మా అవ్వ తునికాకు తెంపుకొచ్చేది.
యాభై ఆకులకో కట్ట.
కట్టలన్నీ ఇక్కడ్నే, వరుసకు వంద,
ఒకపక్క ఎండినంక మల్ల బోర్లేసుడు.
ఇప్పుడు గొడుగుల కింద టూరిస్టులు
గట్లనే పండుకుంటరు,
గట్లనే బోర్లుతరు.
నా నోరు ఊకుండదు, లోపల్లోపల లెక్కవెడ్త.

మొన్న ఐతారం కోరుట్లకెళ్లి బస్సొచ్చింది.
నలభై మంది ఆడోళ్లు, బీడీలు చేసెటోళ్లు,
చిట్టి పైసల్తోని తిరగనీకి ఎల్లిన్రట.
చెప్పులు చేతవట్టుకొని ఇసుకల దిగిన్రు.
కూసున్నరో లేదో
ఒళ్లె చాట లేకున్నా
వేళ్లు వాటంతటవే ముడుస్తున్నై.

అండ్ల పెద్దామె, రాజగంగు అని పిలిచిన్రు,
ఇసుకల గుచ్చి ఆర్పిన బీడీ ముక్కను పైకి దీసింది.
అలవాటుకు నా ఈల నోట్లెకొచ్చింది.
"తాగనీకి గాదు బిడ్డా"
దగ్గుకుంట అన్నది.
ముక్కను కండ్ల దగ్గరికి తెచ్చి, గోరుతోని దారం కదిపి
"రెండు చుట్లు. ఇది మా లసుంబాయి చేతిది.
చూపు ఆనది గదా, ఊడిపోతదని రెండుసార్లు చుడ్తది.
పైసలు ఒక్క చుట్టుకే."

వెయ్యికి ఎంతిస్తరని అడుగుదామనుకున్న.
ఆమెనే అడిగింది,
ఈ ఆకు ఏడ పుడ్తది తమ్మీ అని.
ముప్పై నాలుగేండ్లు కత్తిరించిందట,
చెట్టు మీద ఎన్నడు చూడలేదట.
చెరువు అవతలి గుట్ట చూపెట్టిన.
చెట్టు గాదు, నడుమెత్తు పొద,
చిగురు ఎర్రగుంటదని చెప్పిన.
మా అవ్వ సంగతి మొదలువెడ్తుంటే
డ్రైవరు హారన్ కొట్టిండు.

ముక్కను కొంగుల ముడేసుకొని పోయింది.
రసీదు బుక్కుల ఏ గడిల రాయాలె దీన్ని?

బస్సు కదుల్తున్నది.
గొడుగు చాటుకు ఎవడో పొగ ఇడిసిండు.
ఊదిన.
కిటికీలకెళ్లి నలభై తలకాయలు
ఒక్కపారే మర్రి చూసినై,
నన్నా, వాన్నా,
సమజ్ కాలే.