రెండు మైక్రోసెకండ్లు

నయీంనగర్‌ల మా ఓనరు చిలుకమ్మ బోరు ఏపిస్తున్నది.
రాత్రి పదకొండు. గోడకానుకొని బండి ఉరుముతుంటే
నా గ్లాసుల నీళ్లకు వణుకు.
తెర మీద అంగారకుని చీకటి:
మూడువందల కిలోమీటర్ల పైనుంచి
ఒక ఉపగ్రహం కేకేసి, చెవొగ్గి, రాసుకున్న పలుకు.

మొదటి గీత నేల.
దాని కింద, ఉందా లేదా అన్నట్టు, ఇంకో గీత.
రెండు మైక్రోసెకండ్లు ఆలస్యంగ వచ్చిన జవాబు.
పాత లావా మీదికెల్లి కొత్త లావా పారిన చోటనుకున్న,
నడుమ ఎన్నేండ్ల దుమ్మో.
గట్టి రాయైతే వంద మీటర్ల లోతు,
బూడిదైతే నూటడెబ్బై.
ఎంత లోతో చెప్పాలంటే ఏం రాయో తెలవాలె,
ఏం రాయో చెప్పాలంటే ఎంత లోతో.
మూడు నెలల సంది గానుగెద్దు లెక్క తిరుగుతున్న.

కిందికి దిగితే చెప్పుల నిండ పిండి.
తిరుచెంగోడు నుంచొచ్చిన పళనిసామి
చిటికెడు తీసి వేళ్ల నడుమ నలిపి
"రాయి మారలే అమ్మా" అన్నడు.
నాలుగువందల ఇరవై అడుగులు. ఒకటే గ్రానైటు.

మా బోథ్‌ల గిట్ల గాదు.
నల్లరాయి, దాని కింద జానెడు ఎర్రమన్ను, మళ్ల నల్లరాయి.
ఆ ఎర్రమన్ను కాడ్నే గడ్డపారకు చెమ్మ తగిలేది.

చిలుకమ్మ ముక్కుకు కొంగడ్డం పెట్టుకొని
"నువ్వు సూసే కాడ నీళ్లున్నయా?" అన్నది.
రాయి కనిపిస్తది, రాయికీ రాయికీ నడుమ సందు కనిపిస్తదన్న.
"ఎవలన్న తవ్వి సూసిండ్రా?"
గంత లోతు ఎవ్వలు తవ్వలేదన్న.
ఆమె ఇంకేం అడగలే.
అడుగుకు తొంభై రూపాయలు లెక్కేసుకునే పనిల ఉన్నది.

తెల్లారుజామున
చుట్టుపక్కల గుట్టల నక్ష తీసి
కేక ఎక్కడెక్కడ తగిలి మళ్లుతదో లెక్క గట్టిన.
గీత మీద గీత కూసున్నది.
కిందికెల్లి రాలే ఆ జవాబు.
పదమూడు కిలోమీటర్ల పక్కన ఒక గుట్ట,
తననడిగిండ్రనుకొని
పలికింది.

గీత తుడిపిన.
బయట బండి ఆగింది.
పళనిసామి ఒక్కో రాడ్డు పైకి గుంజుకుంట
తమిళంల లెక్కవెడుతున్నడు, ఇరవైనాలుగు దాక.
పోరగాండ్లు కాలేస్తరని చిలుకమ్మ
ఎండిన బొక్క మీద తట్ట బోర్లించి
తట్ట మీద రాయి పెట్టింది.

నేను ఇంకో కక్ష్య ఫైలు తెరిచిన.