ఎర్రగొచ్చిందేటి?

బరంపురం దాటాక ఎవరో బైకతను
కిటికీ పక్కకొచ్చి అరిచిపోయాడు:
"వెనక నీకు ఏమీ లేదు!"
అద్దంలో చూశాను.
నలభై అడుగుల చీకటిని లాక్కుపోతున్నాను.

పారాదీప్ నుంచి ఇనప చుట్టలు, విశాఖకి.
బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటరు గుడ్డిగా మినుకుతుంది,
ఇండికేటరేస్తే ఉన్న దీపాలూ ఆరిపోతాయి.
ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలికే ఇల్లులా ఉంది బండి.

గిరిసోల చెక్‌పోస్టుకి ఇవతల, మొగలిపొదల పక్కన
రెండు భాషల్లోనూ తప్పులున్న బోర్డు:
దండాసి ఆటో ఎలక్ట్రికల్స్.
పఖాళ గిన్నె మీద మూతపెట్టి లేచాడతను.
చేతిలో ఉన్నదల్లా ఒక బల్బు, రెండు తీగలు,
ఒక క్లిప్పు, సానబెట్టిన సైకిల్ పుల్ల.

నేను తెలివి చూపించబోయాను:
తెల్లది ఎర్తు, ఎర్రది బ్రేకు కదా అని.
"రంగుని నమ్మకు బావూ.
ఈ ట్రాలీకి పన్నెండేళ్లు.
బాలాసోర్లో ఒకడు పచ్చతీగ తెగితే నల్లది కట్టుంటాడు,
తునిలో ఇంకొకడు నల్లది అయిపోయిందని పసుపు.
ఎవుడి దగ్గరున్నది ఆడు కట్టీసినాడు.
తీగ రంగేటని అడక్కు,
ఎక్కడికెల్తందో అడుగు."

ఏడు పిన్నుల ప్లగ్గు ఊడదీసి
ఉప్పుగాలి తిన్న ఇత్తడిని గరుకు కాగితంతో రుద్ది
ఒక్కో కన్నంలో పుల్ల గుచ్చాడు.
క్లిప్పు ముందుబండికి పెడితే బల్బు భగ్గుమంది.
ట్రాలీకి మార్చితే
జొరంలో ఉన్నవాడి కన్నులా, తెరిచీ తెరవనట్టు.
"కరెంటు వొస్తంది. తిరిగెల్డానికే దారి నేదు."
ఇన్నాళ్లూ కింగ్‌పిన్ను గ్రీజులోంచి,
పక్కదీపాల పెరళ్లలోంచి
దొంగదారిన ఇంటికి పోతోందట పాపం.

కిందకి దూరాడు. కాళ్లే కనిపిస్తున్నాయి.
"పెయింటేయించినారేటి?"
ఫిట్‌నెస్‌కి వేయించాం. నీలం, రెండు పూతలు.
ఎర్తు బోల్టు మీద కూడా.
ముస్తాబు కింద ఊపిరాడక పడుంది బోల్టు.
ఇనుము మెరిసేదాకా గీకి, వాషరు మార్చి,
బిగించి, వాసలైను రాశాడు.

బ్రేకు తొక్కాను.
కుడిది వెలిగింది. ఎడమది లేదు.

నేనప్పటికే టీ చెప్పేశాను.
ఇంకో గంటన్నర పట్టింది.
వెనక అడ్డదూలం కన్నం అంచు
తీగని గతుకు గతుక్కీ కొరికింది.
తోలు ఊడిన రాగి, లోపలంతా చిలుం.
వేళ్ల మధ్య నలిపి నా అరచేతిలో రాల్చాడు.
"ఇది పచ్చగుంటాది కదా?"
ఉంది. నెమలి మెడంత.
"నాకు బూడిదే" అన్నాడు.

అప్పుడు చెప్పాడు, తీగలు మెలేస్తూ,
టేపు పంటితో తెంపుతూ, నావైపు చూడకుండా.
లైసెన్సుకని వెళ్తే బరంపురం ఆఫీసులో
చుక్కల పుస్తకం ముందు కూచోబెట్టారట.
చుక్కల్లో అంకె ఉందన్నారు.
చుక్కలే ఉన్నాయి.
అప్పటికే వాళ్ల నాన్న కొన్న లారీ ఇంటి ముందుంది,
అద్దం మీద కొడుకు పేరు రాయించి మరీ.
సోంపేటవాళ్లు కొనుక్కున్నారు. పేరు చెరపలేదు.
"రెండేళ్లు తిరిగింది ఈ రోడ్డు మీద
నా పేరు, నేను నేకుండా."

నేనేమీ అనలేదు.
ఏదన్నా అనాల్సిందేమో.

చీకటి పడింది. దీపం మీద అద్దం బిగించాడు.
క్లీనరు బైరాగి క్యాబిన్లోకి ఎక్కాడు,
మేమిద్దరం ట్రాలీ వెనక నిలబడ్డాం.
"దబా!" అని ఒడియాలో కేకేశాడు, నొక్కమని.

వెలుగు దండాసి బనీను మీద పడింది,
పొదల ముళ్ల మీద, పారబోసిన టీ మీద పడింది.
అతను దీపాన్ని చూడ్డం లేదు.
నన్ను చూస్తున్నాడు.
"ఎర్రగొచ్చిందేటి?"
"వచ్చింది."
"రెండూనా?"
"రెండూ."
"ఏపాటి ఎరుపు?"

నిప్పంత అనబోయాను.
నిప్పు అతనికి ఎలా ఉంటుందో.
కుంకుమంత అనబోయాను, అదీ అంతే.

"వెనకవాడు ఆగేంత" అన్నాను.

తలూపి
మూడొందల యాభై తీసుకున్నాడు.
టీ డబ్బులు పట్టుకోలేదు.