కొత్త బల్లకి వయసు

కొత్త బల్లని ముందు గొలుసుతో కొడతాను.
ట్రాక్టరుకి కట్టే గొలుసు, మా అన్న డెన్జిల్ వదిలేసి పోయింది.
గట్టిగా కాదు, కోపంగా అసలే కాదు,
పసివాణ్ణి జోకొట్టే చెయ్యి కొంచెం దారి తప్పినట్టు.
తర్వాత గోనెసంచీలో మేకులు పోసి దబదబా బాదుతాను.
ఆరెతో అక్కడక్కడా పురుగు కన్నాలు పొడుస్తాను.
పురుగు తిన్నగా తినదు. వరసలో పొడిచామా,
లూయీవిల్ వాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు.

వెనిగర్లో మూడు రాత్రులు ఇనుప పీచు నానేసి
ఆ నీళ్ళు పూస్తే, మొన్న కోసిన పాప్లర్ చెక్క
మధ్యాహ్నానికల్లా ముసలిదైపోతుంది.
ఆపైన పాలరంగు. ఆరాక అంచుల్లో గీకెయ్యాలి,
నలభై ఏళ్ళు మోచేతులు ఆనిన మేరకి.
ఎవరి మోచేతులని ఎవరూ అడగరు.

మా కెంటకీ కొండల్లో గని మూతపడ్డాక
ఊళ్ళో గిరాకీ ఉన్న సరుకు ఇదొక్కటే,
పాతదనం.
కోళ్ళకి నీళ్ళు పెట్టిన తొట్టి బోర్లించి దీపానికి టోపీ పెడతారు.
పాలక్యానులో గొడుగులు నిలబెడతారు.
బట్టలు రుద్దే గరుకు రేకు
ఎండిన లావెండర్ కట్ట పక్కన, గోడమీద, పటంలా!
అది చూస్తే నా వేళ్ళ కణుపులు మండుతాయి.
ఉతికింది నేను కాదు, అమ్మ. అయినా.

మా అమ్మ ఓటీకి తన వంటింటి బల్లంటే సిగ్గు.
తాత పందిని కోసిన బల్ల. కత్తి గాట్లు, కాలిన మచ్చలు.
ఎర్ర గళ్ళ ఆయిల్‌క్లాత్ పరిచి
అంచు గాలికైనా లేవకుండా చుట్టూ మేకులు కొట్టేసింది.
కేటలాగులోంచి ఫార్మైకా బల్ల బొమ్మ,
పచ్చటి పసుపు, కాళ్ళు వెండిలా,
కత్తిరించి అలమర తలుపుకి లోపలివైపు అంటించుకుంది.
బయటివైపు ఏసుప్రభువు.
బల్ల రాలేదు. బొమ్మ ఇంకా ఉంది, పసుపు వెలిసిపోయి.

మే నెలలో మారిబెత్ అనే ఆవిడ వచ్చింది.
కాఫీ పోస్తుంటే చిరుగులోంచి వేలు దూర్చి తడిమింది.
"ఇది అసలైనది" అంది, ఏదో గుడిసెలో బంగారం దొరికినట్టు.
"ఎంత?"
అమ్మను, అన్నాను.
"అయితే ఇలాంటిదే చెయ్యి. ఒక్క గాటు కూడా తప్పకూడదు."

ఆ రాత్రి మేకులు పీకాను. ముప్పై ఒకటి.
టేపు పెట్టి మా ఇంటిని కొలిచాను.
కత్తి గాటు, నాలుగు వేళ్ళ పొడుగు.
గనిలో పనికి కుదిరిన రోజు అన్న చెక్కిన తన పేరు,
రెండక్షరాలే, మూడోది మొదలెట్టేసరికి అమ్మ అరిచింది.
ఫోర్కుతో పొడిచిన చుక్కలు, బహుశా నావే.
అన్నీ కొత్త చెక్కమీదికి దించాను.
ఇస్త్రీపెట్టె మచ్చ దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.
ఆ రోజు గని సైరన్ మోగితే
పెట్టెని చొక్కామీదే వదిలేసి
అమ్మ చెప్పుల్లేకుండా రోడ్డుదాకా పరిగెత్తింది.
ఆ చోటు నున్నగానే ఉంచాను.
మారిబెత్ గమనించలేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.

అక్టోబరులో ఫోను. గొంతులో ఏడుపు.
వాళ్ళబ్బాయి వేడి మూకుడు తెచ్చి బల్లమీద పెట్టేశాడట,
గుండ్రంగా, నల్లగా, అప్పడమంత.
వచ్చి బాగు చెయ్యగలవా అంది.
"బాబు చెయ్యి కాలిందా?"
"లేదు."
"అయితే మైనం రాసి వదిలెయ్. గీకకు."
అవతల చాలాసేపు చప్పుడు లేదు.
తర్వాత, సణుగుతున్నట్టు,
"కానీ ఇది నిజంగా కాలిందే కదా, వెర్లీన్" అంది.

ఏం చెప్పానో గుర్తులేదు.
ఒహాయో వాళ్ళ బల్ల శనివారానికి ఇవ్వాలి,
గొలుసు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను.