రౌనో దీపం

నవంబరు. మంచు ఇంకా పడలేదు.
పడితే అదే మాకు సగం దీపం.
పడేదాకా కుహ్మో చుట్టూ అడవి
తడిసిన గొంగళి.
కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో
మ్యాపూ దిక్సూచీ పట్టుకుని పరిగెత్తడం
ఇక్కడ పిచ్చి కాదు, మంగళవారం.

స్కూలు వెనక పార్కింగులో పదకొండు మందిమి.
నొసళ్ళ మీద పాత దీపాలు,
నోళ్ళలో కొత్త దీపం.

రెండు వేల ల్యూమెన్లట, అన్నాడు ఆర్వో.
ల్యూమెన్లెవడిక్కావాలి, బరువు చెప్పు, అంది తైమి.
నూట అరవై గ్రాములు, బ్యాటరీ కాకుండా.
తోక కాకుండా పాము పొడవు చెప్పినట్టుంది, అంది తైమి.
ఓస్మోకి రంగే ముఖ్యం:
మరీ తెలుపైతే నాచూ రాయీ ఒకటైపోతాయి,
రవంత వెన్న కలవాలి తెలుపులో,
పరుగులో కూడా లింగన్‌బెర్రీ ఎర్రగానే కనబడాలి.

మూతపడ్డ రంపపు మిల్లులో కొన్న లేత్ మీద
రౌనో తొడుగులు తనే చెక్కుతాడు.
ఏడాదికి ముప్ఫై. ముప్ఫై ఒకటోది అడిగినవాడికి
కాఫీ పోసి పంపేస్తాడు.
ఆగస్టన్నాడు. సెప్టెంబరు చివరన్నాడు.
తర్వాత ఏమీ అనలేదు.
నాలుగొందల ఎనభై యూరోలు
నేను తీసి పక్కన పెట్టి మూడు నెలలైంది.
అరిగిన టైర్లతోనే కారు నడుపుతున్నాను,
ఇంట్లో తెలియదు.

నా బస్సు వాళ్ళ మలుపు మీదుగానే పోతుంది కనుక
కనుక్కు రమ్మని నన్ను పంపారు.
సానా ముందు గదిలో ఇత్తడి పొడి, సోల్డరు వాసన,
ఖాళీ బల్ల.
నమూనా ఏది?
హెల్మి తల మీదుంది, అన్నాడు.
ఎప్పట్నుంచి?
ఆగస్టు నుంచి.

హెల్మి పేపర్లు వేస్తుంది. అరవై మూడేళ్ళు.
తెల్లవారుజాము మూడింటికి సైకిలు,
ఆరింటికి నా బస్సులో మొదటి సీటు.
అడిగాను: వెలుగు ఎంత దూరం పోతుంది?
ఏమో, మెట్లు కనబడతాయి.
కుక్క మొహం కనబడుతుంది. పళ్ళు మాత్రమే కాదు, మొహం.
మొన్న తీయడం మరిచి అలాగే పడుకున్నాను.

ఆర్వో వింటే ఏడుస్తాడనుకున్నాను.

ఒక్కటే లోపం, అంది దిగబోతూ.
ఎవరైనా తలుపు తీస్తే కళ్ళు చికిలించుకుంటారు.
ఆ మూలింటి ముసలాయన
పేపరుకన్నా ముందు నా పలకరింపు కోసం నిలబడతాడు,
ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.
అది రౌనోకి చెప్పాను.
అంతా విప్పి మళ్ళీ మొదటికొచ్చాడు పాపం.

మంగళవారం ఇదంతా చెప్పాను.
ఎవరూ మాట్లాడలేదు.
కాసేపటికి ఆర్వో, అయితే ల్యూమెన్లు తగ్గిస్తాడా, అన్నాడు.
అప్పుడు గమనించాను, మా అందరి చూపులూ నేల మీదే.
ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకూడదని
ఇన్నేళ్ళుగా ఒకరి బూట్లతో ఒకరం
మాట్లాడుకుంటున్నాం.
ఓస్మో లేసులు ఆకుపచ్చవి. నాకు బాగా తెలుసు.
వాడి కళ్ళ రంగడిగితే చెప్పలేను.

నాలుగో జెండా దాటాక, బురద పక్కన,
నా పాత దీపం మూడుసార్లు కొట్టుకుని పోయింది.
చలి. బ్యాటరీ తీసి చంకలో పెట్టుకుని
పొదిగే కోడిలా నిలబడ్డాను.
చెట్ల మధ్య ఊగుతూ ఒక వెలుగు వచ్చింది,
నన్ను చూసి ఆగింది,
అరచెయ్యి అడ్డుపెట్టుకుంది.
వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా
తైమి గడ్డం, ముక్కు, చెమట పట్టిన కనుబొమలు.

బాగానే ఉన్నావా, అంది.
ఉన్నాను.
ఇంతకీ, అంది రొప్పుతూ,
బ్యాటరీతో కలిపి ఎంతట?