రెండో తరగతి అప్పగింత

ప్రసూనా,
హెడ్మాస్టరు గారిచ్చే చార్జి కాగితంలో
బల్లలు పధ్నాలుగు, బీరువా ఒకటి,
ఇరుసు విరిగిన గ్లోబు ఒకటి అని ఉంటుంది.
సంతకం పెట్టేయి.
అందులో ఎక్కనివి ఇక్కడ రాస్తున్నాను.

జనవరి చివర్లో గాలి
మిర్చి యార్డు వైపు నుంచి తిరుగుతుంది.
పద్యం మధ్యలో ఒకడు దగ్గుతాడు,
వాడి వెనకే క్లాసంతా.
గుంటూరుకి కొత్తగా వచ్చిన ఏడు
నన్ను వెక్కిరిస్తున్నారనుకుని
గోడకుర్చీ వేయించాను.
కాసేపటికి నాకూ దగ్గొచ్చింది.
కిటికీ మూసి బిందె మూత తీయి.
పాఠం ఎక్కడికీ పారిపోదు.

ఆ నెలల్లో ముందు చేతులు చూడు,
హోంవర్కు తర్వాత.
తెల్లారుజామున అమ్మల పక్కన కూర్చుని
తొడిమలు తీసి వస్తారు కొందరు.
మండే వేళ్లకి పెన్సిలు కొరివి.
ఆ పూట వాళ్లని నోటితో చెప్పమను,
బోర్డు మీద నువ్వు రాయి,
కింద వాళ్ల పేరు పెట్టు.
సొరుగులో కొబ్బరినూనె సీసా ఉంది.
కళ్లు మాత్రం నులుముకోనివ్వకు.

పుస్తకం సంగతి నీకు తెలిసిందే:
ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు.
వంతెన అన్నారు ట్రైనింగులో.
నేనేమో చాన్నాళ్లు
ఈ గట్టున వాక్యం చదివి ఆ గట్టున అర్థం విప్పి
మధ్యలో నడిచిందెవరో చూసుకోలేదు.
వెనకాలే తెలుగు వస్తుందని తెలిశాక
ఇంగ్లీషుకి చెవి ఒగ్గేదెవరు?
ముందు కప్పలా గెంతు.
నా మోకాళ్లు ఒప్పుకోలేదు, నీవి ఒప్పుకుంటాయి.
వాళ్లే "కప్ప!" అని అరుస్తారు.
అప్పుడు చెప్పు ఫ్రాగ్ అని.

"ఇస్కూలు" అంటే నవ్వకు.
ముందున్న ఆ "ఇ" గడప.
తొక్కో దాటో
లోపలికైతే వస్తున్నారు కదా.

ప్రశ్న అడిగాక
మనసులో ఏడు దాకా లెక్కపెట్టు.
ఇది నాకు బాణావతు జమ్లీ నేర్పింది.
మాచర్ల అవతలి తండా నుంచి
కోల్డు స్టోరేజీ పనికి వచ్చారు వాళ్లమ్మా నాన్నా.
మూడు నెలలు ఆ పిల్ల నోరు విప్పలేదు.
హాజరు పట్టీలో తన పేరు పక్కన
ఎర్ర సిరాతో ఒక మాట రాశాను.
ఆ మాట నీకు చెప్పను.
తర్వాత తెల్ల రంగు పూశాను గానీ
పేజీ తిప్పి వెలుగులో పెడితే
ఇప్పటికీ వెనక నుంచి కనిపిస్తుంది.

ఒకరోజు గ్లాసు చూపించి ఏమిటిది అన్నాను,
అని, మర్చిపోయి, ఎవరో పేరెంటు వస్తే గుమ్మం దాకా వెళ్లాను.
తిరిగొచ్చేసరికి "పాణి" అంది జమ్లీ.
అడిగిందానికి కాదు, లోపల ఉన్నదానికి.
తప్పని చెప్పబోతున్నాను,
మూడో బల్ల నుంచి సైదాబీ లేచింది:
"టీచర్, మా ఇంట్లో కూడా పానీయే!"
ణకీ నకీ మధ్య కాస్త జరిగి
ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు.
ఆ రోజు బోర్డు మీద
నీళ్లు, పాణి, పానీ, వాటర్.
సాయంత్రం తుడవబుద్ధి కాలేదు.

ఇంకేమిటి?
ఫ్యాను మూడు మీదే తిరుగుతుంది, ఆ చప్పుడులో
వెనక బల్లకి నీ గొంతు అందదు, నువ్వే అక్కడికి వెళ్లు.
సొరుగు గట్టిగా లాగితే రాదు, కొంచెం ఎత్తి లాగు.
జమ్లీ మూడులోకి వెళ్లింది.
తమ్ముడు నీ దగ్గరికొస్తున్నాడు,
వాడూ మాట్లాడడట.
ఏడు దాకా లెక్కపెట్టు.
ఎనిమిదైనా ఫర్వాలేదు.