ఆరు లివర్ల బీగం

చిత్తూరు గాంధీ రోడ్డులో గొడుగులు కుట్టే ముసలాయన పక్కన
నాదొక రేకుపెట్టె, రెండు ఆకురాళ్ళు,
తీగకు గుచ్చిన నూటపాతిక బీగంచెవులు.
కొంగారెడ్డిపల్లిలో ఎవురింటి బీగం ఎట్ల మూలుగుతుందో
నిద్దట్లో లేపి అడిగినా చెప్తా.
అదే నా కొంప ముంచింది.

మామిడికాయల లార్రీలు ఫ్యాక్టరీల ముందర బారులు తీరే నెల.
రాత్రి పదకొండుకు జీపు వచ్చింది.
"మురకంబట్టు రిటైర్డు హెడ్మాస్టరు ఇంట్లో కన్నం పడింది.
ఆ ఇంటికి చెవి చేసింది నువ్వే గదరా దస్తగిరీ?"
నేనే సార్. మూడేండ్లయింది. అరవై రూపాయలు, అందులో ఇరవై బాకీ.
ఆ ఇరవై సంగతి మాత్రం రాసుకోలేదు.

సబ్ జైల్లో పదమూడు రోజులు.
కటకటాలకు ఒక పాత బీగం, అలీగఢ్ సరుకు,
నోరు అరిగి, స్ప్రింగు వదులై,
పిన్నీసు దొరికితే రెండు నిమిషాల పని.
రాత్రుళ్ళు వేళ్ళు వాటంతట అవే కదిలేవి
చంటిబిడ్డ నిద్దట్లో పాలు తాగినట్టు.
చేతులు తొడల కింద పెట్టుకుని పండుకున్యా.

కోర్టు మెట్ల కాడ కౌసర్ ఏడుస్తా ఉంటే
ఎవురో అమీనా చెప్పినాడంట,
"డబ్బుల్లేకున్నా లాయర్ను ఇస్తారమ్మా,
వరండా చివర గది, కాగితం పెట్టు పో."
అట్ల వచ్చింది నవనీత.
తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుని ఉండాది.
ఆ పిన్నీసు చూసి చూపు తిప్పుకున్యా.

"నీ మీద ఏం రాసినారో తెలుసా?"
దొంగతనం అన్యా.
"ముద్దగా చెప్పొద్దు. విడివిడిగా విను.
లోపలికి పోవడం ఒకటి. చాటుగా పోవడం ఒకటి.
పొద్దుగూకినాక పోవడం. అది మనుషులు కాపురముండే ఇల్లు కావడం.
దొంగిలించాలనే పోవడం.
ఆ పోయినోడు నువ్వే కావడం.
ఇవన్నీ వాళ్ళు చూపించాల. నువ్వు ఒక్కటీ చూపించే పన్లేదు."

ఆరు లివర్ల బీగం గదమ్మా, అన్యా.
ఒక్కటి లేవకున్నా గడియ కదలదు.
ఆమె రాసేది ఆపి నా తట్టు చూసింది.
పదమూడు రోజుల తర్వాత
నేను మళ్ళా పనోణ్ణి అయినా.

"స్టేషన్లో ఏం చెప్పినావు?"
కొట్టినాక ఒప్పుకున్యా.
"పోలీసుల కాడ ఒప్పుకున్నది కోర్టులో నిలబడదు. సంతకం పెట్టినావా?"
పెట్టినా. తెల్లకాగితం మీద.
ఆ మాట కింద రెండు గీతలు గీసింది, కాగితం చిరిగేలాగ.

నాకు ఒకటే ఆరాటం.
అమ్మా, గడ్డపారతో బీగం పగలగొట్టినారని వాళ్ళే రాసినారు గదా,
తీయనొచ్చినోడు పగలగొడతాడా?
జడ్జి ముందర ఏ బీగమైనా పెట్టమనండి, కండ్లు మూసుకుని తీస్తా.

నవ్వింది. నవ్వి, గట్టిగా అనింది:
"ఆ ప్రశ్న నేను సాక్షిని అడుగుతా. నువ్వు నోరు తెరవొద్దు.
ఊళ్ళో ఏ బీగమైనా తీస్తాననేవాడికి
ఎవరిస్తారు నాయినా బెయిలు?"

గొడుగుల ముసలాయన ఇంటిపన్ను రసీదు తెచ్చి
నాకు జామీను నిలబడినాడు. ఇంకొకరు మా బామ్మర్ది.
కేసు ఇంకా ఉండాది. వాయిదా మీద వాయిదా.
చెవి చేయించుకునేటోళ్ళు ఇప్పుడు
పని అయిందాకా నా వేళ్ళ మీదనే కన్నేసి నిలబడతారు,
ఇంకోటి చేసి దాచుకుంటానేమోనని.

సోమవారం సోమవారం స్టేషన్లో సంతకం.
మొన్న పోతే రైటరు చెమటలు కక్కతా ఉండాడు.
ఫైళ్ళ బీరువాలో చెవి విరిగిందంట, పదకొండుకు కోర్టంట.
"దస్తగిరీ, రా అబ్బా, ఒక్క నిమిషం."

వంగి చూసినా. నిమిషం గూడా పట్టదు.
చేతులు వెనక్కి కట్టుకున్యా.
"నన్ను తీయమన్నారని రాసియ్యండి సార్.
తేదీ, టైమూ, మీ సంతకం.
తెల్లకాగితం మాత్రం వద్దు."